చొక్కా చిరిగినా బొత్తాం చిరగదు



నగ చేయడంలో కష్టమంతా బెజ్జం దగ్గరే ఉంటుంది. రాయిని ఎంత నున్నగా అరగదీసినా, ఎంత మెరుగు పెట్టినా, దారం దూరే దారి లేకపోతే అది మెడలోకి రాదు. సింధు నాగరికత రోజుల్లో చన్హుదారో, లోథాల్ వంటి ఊళ్లలో పూసలు చేసే కార్ఖానాలుండేవి. కార్నీలియన్ అనే ఎర్రరాయితో అక్కడ వేలెడు పొడవు పూసలు చేసేవారు. ఒక్క పూసకు ఈ కొస నుంచి ఆ కొసకు బెజ్జం తొలవాలంటే రోజులకు రోజులు పట్టేది. అంత శ్రమ ఇవాళ మనం పడనక్కర్లేదు. బెజ్జం వేసి, అంచు నున్నగా చేసి, మెరుగు పెట్టి, ఒకే కొలతకు కోసిన బిళ్లలు మన కుట్టుమిషను సొరుగులో, బీరువా మూలలో, ఖాళీ బిస్కెట్ డబ్బాలో డజన్ల కొద్దీ పడి ఉన్నాయి. బొత్తాలు అనండి, గుండీలు అనండి, వాటి గురించే ఈ వేళ నా మాటలు.

బొత్తాలతో ఇంట్లోనే తేలిగ్గా నగలు ఎలా చేసుకోవచ్చో చెప్తాను. రేడియోలో చేతులు చూపించలేను కాబట్టి కొలతలు నిదానంగా చెప్తాను. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుంటే మంచిది.

"బొత్తాలతో నగలేమిటండీ, చిన్నపిల్లల ఆట కాకపోతే" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. బొత్తాం అసలు నగగానే పుట్టింది. మొహెంజొదారో తవ్వకాల్లో చిప్పతో చేసిన బొత్తాం దొరికింది. దాని వయసు సుమారు 5000 ఏళ్లు. దాన్ని అందం కోసం ధరించారే తప్ప బట్ట బిగించడానికి కాదు. బొత్తానికి జోడీగా కాజా వచ్చి, రెండూ కలిసి బట్టను పట్టి ఉంచే పని ఐరోపాలో 13వ శతాబ్దంలో గానీ వ్యాపించలేదు. మన దగ్గర మాత్రం ఎంత దూరం పోవాలి? పాతతరం పెద్దల లాల్చీలకు బంగారు గుండీలుండేవి. ఒకదానితో ఒకటి సన్నని గొలుసుతో కలిపి ఉండేవి. లాల్చీ చాకలికి వేసే ముందు వాటిని విప్పి నగల పెట్టెలో పెట్టేవారు. పెళ్లికొడుక్కి పెట్టే వాటిలో ఉంగరం పక్కన ఈ గుండీలకూ చోటుండేది. ఆడవాళ్ల నగల గురించి చెప్పుకున్నంతగా ఈ మగవాళ్ల నగ గురించి ఎవరూ చెప్పుకోరెందుకో!

బంగారం లేనివాళ్లు కూడా బొత్తంతో దర్జా చూపించారు. లండన్‌లో హెన్రీ క్రాఫ్ట్ అని ఒకాయన ఉండేవాడు. 1861లో పుట్టాడు. అనాథాశ్రమంలో పెరిగి, వీధులు ఊడ్చే పనిలో చేరాడు. అక్కడి సంతల్లో బండ్ల మీద పళ్లు, కూరలు అమ్ముకునేవాళ్లు తమ ప్యాంటు కుట్టు వెంబడి చిప్ప బొత్తాలు వరసగా కుట్టుకునేవారు. అదొక సోకు వాళ్లకి. క్రాఫ్ట్ ఆ సోకును ఇంకా పైకి తీసుకుపోయాడు. కోటు, టోపీ, ప్యాంటు, ఒక్క అంగుళం ఖాళీ లేకుండా తెల్లని బొత్తాలు కుట్టేసుకుని వీధిలోకొచ్చాడు. జనం మూగారు. మూగిన జనం దగ్గర ఆసుపత్రులకీ, తనలాంటి అనాథలకీ చందాలు పోగుచేశాడు. ఆయన 1930లో పోయాడు కానీ ఆ వేషం పోలేదు. ఇప్పటికీ లండన్‌లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా బొత్తాల దుస్తులు వేసుకుని మంచి పనులకు చందాలు సేకరిస్తున్నాయి. వాళ్లని పెర్లీ రాజులు, పెర్లీ రాణులు అంటారు.

ఆ తెల్లని బొత్తాల పుట్టుక నదుల్లో, సముద్రాల్లో. ఆల్చిప్ప లోపలి పొర ముత్యంలాగే మెరుస్తుంది కదా, దాన్ని గుండ్రంగా కోసి బొత్తాలు చేసేవారు. అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున మస్కటీన్ అని ఒక ఊరుంది. జర్మనీ నుంచి వలస వచ్చిన బొత్తాల పనివాడు జాన్ బెప్లీ 1891లో అక్కడ నది ఆల్చిప్పలతో ఈ పని మొదలుపెట్టాడు. 1905లో ఆ ఒక్క ఊరే 150 కోట్ల బొత్తాలు తయారుచేసింది. మన దేశంలో బీహార్‌లోని తూర్పు చంపారణ్ జిల్లా మెహసీ కూడా ఇటువంటి ఊరే. బూఢీ గండక్ నదిలో దొరికే ఆల్చిప్పలే అక్కడ ముడిసరుకు. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, జిప్పు వచ్చింది, చిప్ప బొత్తం వెనకబడిపోయింది. మీ తాతగారి కాలపు చొక్కా ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే దాని బొత్తాల్ని ఒకసారి బుగ్గకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే, చేతిలో కాస్త బరువుగా ఉంటే, వెనకవైపు తిప్పితే ఒక్కోచోట ఒక్కో రంగు మెరిస్తే అది చిప్ప. ప్లాస్టిక్ అయితే అంత చల్లగా ఉండదు. వేడి సూది గుచ్చి వాసన చూడమని కొందరు చెప్తారు. ఆ పని చేయకండి. పాత బొత్తాల్లో సెల్యులాయిడ్‌వి కూడా ఉంటాయి, అవి భగ్గుమని అంటుకుంటాయి.

సరే, పనిలోకి దిగుదాం. ముందు బొత్తాలు ఎక్కడివి? కొత్తవి కొనడం నాకు ఇష్టం ఉండదు. మ్యాచింగ్ సెంటర్లో అడిగితే రంగురంగుల ప్యాకెట్లు ఇస్తారు, గ్రోసు లెక్కన కూడా అమ్ముతారు. గ్రోసంటే 12 డజన్లు, 144. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటితో చేసిన నగ ఫ్యాన్సీ షాపు నగలానే ఉంటుంది, అప్పుడిక ఇంట్లో చేయడం ఎందుకు? ఇంట్లో చూడండి. ఫుల్ చేతుల చొక్కాకి ముందు పట్టీ మీద ఏడో ఎనిమిదో, చేతుల పట్టీలకు రెండో నాలుగో ఉంటాయి. రెడీమేడ్ చొక్కా లోపలి కుట్టు దగ్గర ఒకటో రెండో బొత్తాలు అదనంగా కుట్టి ఉంటాయి. చాలా చొక్కాలు వాటి అవసరం రాకుండానే పాతబడిపోతాయి. అవీ తీసుకోండి. స్వెట్టర్ల బొత్తాలు, పిల్లల గౌన్ల మీది పువ్వుల బొత్తాలు, కోటు బొత్తాలు ఉండనే ఉన్నాయి. ఒక్క మాట. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లకు వేసే చొక్కాల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ చొక్కా ఇంకొకరు తొడుక్కునేది. చిరిగి గచ్చు తుడిచే గుడ్డ కాబోయేదాని బొత్తాలే మనవి. కోసేటప్పుడు బొత్తాం కింద కత్తెర పెట్టి దారం మాత్రం తెంపండి. మిగిలిన దారప్పోగులు బెజ్జంలోంచి సూదితో లాగేస్తే సరిపోతుంది. తర్వాత సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి.

దర్జీలు, బొత్తాల దుకాణాలవాళ్లు సైజుని లైన్లలో చెప్తారు. 40 లైన్లు ఒక అంగుళం. మామూలు చొక్కా బొత్తాం 18 లైన్లు, అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. 24 లైన్లది 15 మిల్లీమీటర్లు, 32 లైన్లది 20 మిల్లీమీటర్లు. ఈ మూడు సైజులు గుర్తుంటే చాలు. మళ్లీ చెప్తున్నాను: 18 చొక్కాకి, 24 దానికంటే పెద్దది, 32 కోటుకీ స్వెట్టరుకీ వాడేది.

ఇప్పుడు డబ్బాలోని బొత్తాలన్నీ ఒక తెల్లని తువ్వాలు మీద పోయండి. నగ బాగుండటం, బాగుండకపోవడం సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నీలం, అన్నీ కలిపి గుచ్చేస్తే అది పిల్లల పుట్టినరోజు తోరణంలా అవుతుంది తప్ప చీర మీదికి పనికిరాదు. ఒక రంగు కుటుంబాన్ని ఎంచుకోండి. తెలుపు తీసుకుంటే అన్నీ తెలుపులే. తువ్వాలు మీద చూస్తే తెలుస్తుంది, తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో. పాల తెలుపు, మీగడ రంగు, కాస్త బూడిద కలిసిన తెలుపు, ఏళ్లు గడిచి పసుపు తిరిగిన తెలుపు. అవన్నీ పక్కపక్కన చేరితే వచ్చే అందం, ఒకే రంగు కొత్త ప్యాకెట్లో రాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బొత్తాం మీద బంగారు రంగు పెయింటు వేసి, రాళ్లు అతికించి, ఫ్యాన్సీ నగలా నటింపజేయాలని చూడకండి. అలా చేసినవి రెండు వారాలు తిరిగేసరికి పెచ్చులూడి రెంటికీ చెడతాయి. నాలుగు బెజ్జాలు కనిపించాలి, దారం కనిపించాలి. "అరె, ఇవి బొత్తాలు కదూ!" అని చూసినవాళ్లు గుర్తుపట్టాలి. ఆ గుర్తుపట్టడంలోనే ఈ నగ సరదా అంతా ఉంది.

మొదటిది చేతికి వేసుకునే పట్టీ. దీనికి నాలుగు బెజ్జాల 18 లైన్ చొక్కా బొత్తాలు తీసుకోండి. రెండు బెజ్జాలవి ఒకే దారం మీద తిప్పలు పెడతాయి, బోర్లాపడతాయి. నాలుగు బెజ్జాలైతే రెండు దారాలు సమాంతరంగా నడుస్తాయి, బొత్తాం కదలదు. మణికట్టు చుట్టూ టేపు పెట్టి కొలవండి. 16 సెంటీమీటర్లనుకుంటే, పక్కపక్కనే పేర్చితే 14 బొత్తాలు పడతాయి. మైనం పట్టించిన గట్టి దారం మీటరుంపావు తీసుకుని సగానికి మడవండి. మడత దగ్గర ఒక ఉచ్చు వదిలి ముడి వేయండి. ఈ ఉచ్చులోంచి 24 లైన్ బొత్తాం నిలువుగా దూరిపోవాలి, అడ్డంగా మాత్రం రాకూడదు. ముడి తర్వాత రెండు దారాలు చెరొక జత బెజ్జాల్లోకి వెళ్తాయి. కింద నుంచి పైకి రావాలి, బొత్తం ముఖం మీదుగా నడిచి, ఎదురు బెజ్జంలోంచి కిందికి దిగాలి. తర్వాతి బొత్తానికీ ఇంతే. దారం ఎర్రదైతే తెల్ల బొత్తాల మీద ప్రతిదానికీ రెండేసి ఎర్రగీతలు కనిపిస్తాయి. మొత్తం అయ్యాక ఆఖరున ఆ 24 లైన్ బొత్తాన్ని ఎక్కించి వెనకవైపు ముడి వేసి, ముడి మీద గోళ్లరంగు, రంగులేనిది, ఒక చుక్క వేయండి. అది ఆరితే ముడి జారదు. చేతికి పెట్టుకునేటప్పుడు ఆ బొత్తాం ఉచ్చులో దూరుతుంది. కొక్కేలు, స్క్రూలు ఏవీ అక్కర్లేదు.

మామూలు మిషను దారం దీనికి వాడకండి. చెమటకు నానుతుంది, బెజ్జం అంచుకు రాసుకుని తెగుతుంది. లోహపు బొత్తాలైతే మరీనూ, వాటి అంచులు కోస్తాయి. మైనం దారం దొరక్కపోతే చేపల గేలానికి వాడే నైలాన్ తాడు, 0.4 మిల్లీమీటర్లది, చక్కగా పనిచేస్తుంది.

ఇదే పనిని ఎలాస్టిక్ దారం మీద కూడా చేయొచ్చు, కానీ అప్పుడు బొత్తాల్ని పక్కపక్కన పేర్చకుండా ఒకదాని వెనక ఒకటి, బోర్లా ఒకటి, వెల్లకిలా ఒకటి దండగా గుచ్చాలి. ఒక బొత్తాం మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. కాబట్టి 17 సెంటీమీటర్ల దండకు 65 నుంచి 70 బొత్తాలు పడతాయి. ఒకే బెజ్జంలోంచి గుచ్చితే ఒక్కోటి ఒక్కో పక్కకు వాలి, గాజు గుబురుగా విచ్చుకుంటుంది. ఎలాస్టిక్ ముడి వేసే ముందు రెండుమూడుసార్లు బాగా సాగదీయండి, లేకపోతే తొడుక్కున్న మర్నాటికే వదులైపోతుంది.

ఇక చెవికి. షర్టు బొత్తాల జత దొరికితే దుద్దులు చేయడం పది నిమిషాల పని, ఆరడానికి ఒక రోజు. ఫ్యాన్సీ షాపుల్లో దుద్దుల వెనక ఉండే చదును బిళ్ల, శీలతో సహా, విడిగా దొరుకుతుంది. బొత్తాం వెనక, బిళ్ల మీద గరుకు కాగితంతో కాస్త రుద్దండి, అతుకు బాగా పట్టుతుంది. అతికించే ముందే బెజ్జాల్లోంచి రంగు దారం ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా కుట్టి వెనక ముడి వేస్తే బొత్తాం ముఖం మీద కూడిక గుర్తులా చిన్న పువ్వు వస్తుంది. అతికించడానికి ఫెవిక్విక్ వద్దు. అది మెరిసే ప్లాస్టిక్ మీద తెల్లని బూజులాంటి మచ్చ వదులుతుంది, పైగా పెళుసుగా ఉండి కిందపడితే ఊడిపోతుంది. అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు తీసుకోండి. రెండింటినీ సమానంగా కలిపి, అగ్గిపుల్లతో ఒక చుక్క వేసి, 24 గంటలు కదపకుండా వదిలేయండి. కోటు బొత్తానికో, గౌను బొత్తానికో వెనక పొడుచుకొచ్చిన కొంకి ఉంటే ప్లయరుతో కత్తిరించి చదును చేయాలి. ఆ కొంకి గట్టిది, చిటుక్కున ఎగిరి కంట్లో పడొచ్చు. గుప్పెట్లో మూసి పట్టుకుని కత్తిరించండి.

అసలు ఆ కొంకిని కత్తిరించకుండా వాడుకోవడమే తెలివి. వెనక కొంకి ఉన్న బొత్తాన్ని ఒక రింగులో వేసి ఇయర్ హుక్కుకు తగిలిస్తే జూకాలాగా ఊగుతుంది. లేదా 32, 24, 18 లైన్ బొత్తాలు మూడింటిని పెద్దదాని మీద చిన్నది పెట్టి, బెజ్జాలు కలిపి కుట్టేసి, పైన ఒక రింగు తగిలించండి. ఇదే మూడంతస్తుల బొత్తాన్ని ఒక బక్రం ముక్క మీద కుట్టి, వెనక పిన్నీసు కుట్టేస్తే చీర పిన్ను అవుతుంది. దర్జీ దుకాణంలో కాలర్లో పెట్టే గట్టి గుడ్డే బక్రం. భుజం మీద కుచ్చిళ్లను పట్టి ఉంచే ఈ పిన్ను, నా మటుకు నాకు, బొత్తాల నగలన్నిట్లో అతి ఉపయోగకరమైంది. జిగురు లేదు, ప్లయరు లేదు, సూదీ దారం ఉంటే చాలు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేయగలరు.

మెడలోకి నిండుగా కావాలంటే కాస్త ఓపిక పట్టాలి. ముందు వార్తాపత్రిక మీద అర్ధచంద్రం గీసి కత్తిరించి, అద్దం ముందు మెడ దగ్గర పెట్టుకుని చూసుకోండి. సరిపోయాక దాన్ని బక్రం మీద గీసి, రెండు పొరలుగా కత్తిరించండి. బొత్తాల్ని బయటి అంచు దగ్గర మొదలుపెట్టి, పెంకుటింటి మీద పెంకులు వేసినట్టు ఒక వరస కొంచెం పక్క వరస మీదికెక్కేలా కుడుతూ లోపలికి రండి. అలా కుడితే పక్క వరస దారాలు, బెజ్జాలు కొంత కప్పుకుపోతాయి. బయటి అంచుకు పెద్దవి, మెడ దగ్గరికి వచ్చేసరికి చిన్నవి. రెండో బక్రం పొరను వెనక పెట్టి అంచు కుట్టేస్తే ముళ్లు మెడకు గుచ్చుకోవు. చివర్లకు నూలు తాడు గానీ, చీర అంచు మడిచి కుట్టిన పట్టీ గానీ పెట్టండి. బరువు చూసుకోండి, లోహపు బొత్తాలు అన్నీ పెడితే మెడ పీకుతుంది.

ప్లాస్టిక్ వద్దనుకునేవాళ్లకు వేరే దారులున్నాయి. అందులో నాకు బాగా నచ్చింది గుడ్డ బొత్తాలు. జాకెట్ల వెనక, కుర్తాల ముందు కుట్టే పొట్లీ బొత్తాలు మీరు చూసే ఉంటారు. పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి, పెడన కలంకారీ, ఏ చేనేత ముక్కైనా దర్జీ దగ్గర జాకెట్ కత్తిరించాక మిగులుతుంది. పొట్లీ చేయాలంటే గుడ్డను గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ పెద్ద కుట్లు వేసి, మధ్యలో దూది పెట్టి, దారం లాగి ముడి వేయడమే. చదునుగా కావాలంటే దూదికి బదులు పాత బొత్తాన్నే లోపల పెట్టండి. బొత్తాం వ్యాసానికి రెట్టింపు వ్యాసం గుడ్డకు ఉండాలి. 20 మిల్లీమీటర్ల బొత్తానికి 40 మిల్లీమీటర్ల గుడ్డ. ఇక్కత్ అయితే డిజైను ఎక్కడ మధ్యకు వస్తుందో చూసుకుని కత్తిరించండి. కలంకారీలో చిలక ముక్కు, ఆకు కొస లాంటి చిన్న తునకలు భలే పనికొస్తాయి. కట్టుకున్న చీర గుడ్డతోనే కమ్మలు! జాకెట్ ముక్క మిగలడం వల్ల ఇంతకంటే లాభం ఇంకేముంటుంది?

కొబ్బరి చిప్పతోనూ చేసుకోవచ్చు. కోనసీమ వాళ్లకు చిప్పలకు కొదవ లేదు కదా. ముదురు కాయ చిప్ప కావాలి. పైన పీచు గీకేసి, గుండ్రటి గుర్తు గీసి, హాక్సా బ్లేడుతో ముందు చతురస్రంగా, తర్వాత మూలలు కోస్తూ గుండ్రంగా తేవాలి. గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, చివర 400తో రుద్దండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బెజ్జానికి 2 మిల్లీమీటర్ల బిట్టు చాలు. కింద చెక్క ముక్క పెట్టి నెమ్మదిగా తిప్పాలి, తొందరపడితే చిప్ప చిట్లుతుంది. ఆఖరున కొబ్బరి నూనె చుక్క వేసి మెత్తని గుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. పక్కన ఏటికొప్పాక లక్క పూసలు, పసుపు రంగువో ఎరుపువో, గుచ్చితే ఆ నలుపు ఇంకా ఎత్తి కనిపిస్తుంది.

పిల్లలున్న ఇళ్లకు ఇంకోటి చెప్తాను. 1890ల ఆఖర్లో జర్మనీలో పాల నుంచి ప్లాస్టిక్ తయారుచేశారు. గెలలిత్ అంటారు దాన్ని. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును ఫార్మాలిన్ అనే రసాయనంతో గట్టిపరిచి బొత్తాలు, నగలు కోసేవారు. ఫార్మాలిన్ మన ఇళ్లలోకి వద్దు, కానీ పాలు విరగ్గొట్టడం మనకు కొత్తా? ఒక కప్పు పాలు వేడిచేసి, పొంగక ముందే దించి, నాలుగు చెంచాల వెనిగర్ కలపండి. విరిగిన ముద్దను పలచని గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఇంకా తడి ఉంటే కాగితాల మధ్య నొక్కండి. ఆ ముద్దను చపాతీలా వత్తి, సీసా మూతతో బిళ్లలు కోసి, పుల్లతో బెజ్జాలు పొడవండి. నీడలో రెండు రోజులు ఆరితే గట్టి బొత్తాలవుతాయి. తర్వాత రంగు వేసుకోవచ్చు. ఇవి నీళ్లు తగిలితే మెత్తబడతాయి కాబట్టి కమ్మలకే పరిమితం చేయండి.

జాగ్రత్తలు కొన్ని. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో బొత్తాల డబ్బా కింద పెట్టకండి. చేతికి దొరికింది నోట్లోకి పోతుంది, గొంతులో అడ్డం పడితే ప్రమాదం. ఆ వయసు పిల్లలకు బొత్తాల నగలు వేయనూ వద్దు. చవక హుక్కుల్లో నికెల్ కలుస్తుంది, కొందరికి అది పడదు, తమ్మెలు ఎర్రబడి దురదపెడతాయి. అలాంటివారు వెండి హుక్కులు పెట్టించుకుంటే నిశ్చింత. శుభ్రం చేసే పద్ధతి బొత్తాన్ని బట్టి ఉంటుంది. చిప్ప బొత్తానికి నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ తగలనీయకండి. చిప్పంతా సున్నమే కాబట్టి పులుపు దాన్ని తినేస్తుంది. పలచని కుంకుడు రసం చాలు. ఇత్తడి బొత్తానికైతే అదే చింతపండు మంచి మందు. గుడ్డ బొత్తాలు తడపవద్దు. సెంటు కొట్టుకునేది నగలు పెట్టుకోకముందే.

దీంతో సంపాదించుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. మహిళా సంఘాల్లో ఉన్నవాళ్లకు ముఖ్యంగా ఈ ఆలోచన వస్తుంది. లక్షలు వస్తాయని నేను చెప్పను. పాత బొత్తాల నగ ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. వంద జతలు ఒకేలా కావాలన్న ఆర్డరుకు ఇది ఒప్పదు. చేనేత ముక్కల బొత్తాల కమ్మలకు మాత్రం చేనేత ప్రదర్శనల్లో, చీరల దుకాణం పక్కన మంచి గిరాకీ ఉండే వీలుంది, ఎందుకంటే చీర కొన్నవాళ్లు దానికి జోడు వెతుక్కుంటారు. ధర వేసేటప్పుడు సామాను ఖర్చు మాత్రమే లెక్కేయకండి. బొత్తాలు ఊరికే వచ్చాయని పది రూపాయలకు అమ్మేస్తే మీరు కుట్టిన గంట ఎక్కడికి పోయినట్టు? హుక్కు, జిగురు, దారం ఖర్చుకు మీ గంట కూలీ కలపండి. ఆ ధరకు కొనేవారు లేకపోతే అమ్మకండి, ఇంట్లో పిల్లలకు ఇవ్వండి.

మొదలుపెట్టడానికి చీర పిన్నునే ఎంచుకోమని నా సలహా. మూడు బొత్తాలు, అరచేతి కంటే చిన్న బక్రం ముక్క, ఒక పిన్నీసు. అది బాగా కుదిరితే చేతి పట్టీకి వెళ్లండి, మెడలోది ఆఖరున. మీ దర్జీని ఒకసారి అడిగి చూడండి, ముక్కలూ బొత్తాలూ ఆయన దగ్గర ఎప్పుడూ మిగులుతూనే ఉంటాయి. చేసింది ఎలా వచ్చిందో ఈ కార్యక్రమానికి ఉత్తరం రాయండి, కొలతల్లో ఏదైనా అర్థం కాకపోతే అదీ అడగండి.